గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లం లిఫ్ట్ మార్చడానికి ఎందుకు కట్టాలి? మెయింటెనెన్స్ అసలు ఏ లెక్కన పంచుకోవాలి?

గ్రౌండ్_ఫ్లోర్_ఓనర్

అందరికీ నమస్కారం. మాది 16 ఫ్లాట్ల బిల్డింగ్. కింద నాలుగు, పైన మూడు అంతస్తుల్లో నాలుగేసి. ఎనిమిది ఫ్లాట్లు 900 చదరపు అడుగులవి, మిగతా ఎనిమిది 1,600 చదరపు అడుగులవి. మాది కింద, చిన్న ఫ్లాట్. మొదటి నుంచీ అందరం ఒకే మొత్తం మెయింటెనెన్స్ కడుతున్నాం. ఎవరూ ఎప్పుడూ ప్రశ్నించలేదు, నేను కూడా.

పోయిన వారం అసోసియేషన్ వాళ్లు ఒక కాగితం పంపారు. లిఫ్ట్ పాతబడిపోయింది, తరచూ ఆగిపోతోంది, కొత్తది పెట్టించాలి, ఫ్లాట్‌కి ఇంత చొప్పున మూడు నెలల్లో కట్టండి అని. ఆ మొత్తం మేము ఏడాదిన్నర పాటు కట్టే మెయింటెనెన్స్‌తో సమానం. చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మేము లిఫ్ట్ ఎక్కే అవసరమే లేదు. పైగా మా ఇంటికి దాదాపు రెట్టింపు ఉన్న ఫ్లాటూ, మేమూ ఒకటే కట్టాలట.

నాకు ఎవరితోనూ గొడవ పెట్టుకోవాలని లేదు, రోజూ మొహాలు చూసుకోవాల్సిన వాళ్లం. కానీ లెక్క ఏమిటో తెలుసుకుని మాట్లాడాలనుంది. ఇన్నేళ్లు కట్టిన డబ్బులోంచి లిఫ్ట్ కోసం ఏమీ మిగల్లేదా అన్నది కూడా నాకు అర్థం కావడం లేదు.

పాత_కార్యదర్శి

నేను మా బిల్డింగ్‌కి ఆరేళ్లు కార్యదర్శిగా చేశాను. మీ కోపం న్యాయమైనదే, కానీ ముందు చూడాల్సింది ఎవరికి ఏది న్యాయంగా అనిపిస్తోందన్నది కాదు, కాగితంలో ఏముందన్నది. మీ రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్‌లో ఫ్లాట్‌తో పాటు స్థలంలో మీకు వచ్చే అవిభాజ్య వాటా (విడదీసి పంచకుండా అందరికీ కలిసే ఉండే స్థలంలో మీ భాగం, మామూలుగా ఫ్లాట్ విస్తీర్ణాన్ని బట్టి) రాసి ఉంటుంది. అసోసియేషన్ బైలాస్‌లో, అంటే దాని నియమావళిలో, ఉమ్మడి ఖర్చులు ఎలా పంచుకోవాలో ఒక క్లాజు ఉంటుంది. ఈ రెండూ బయటికి తీయండి. చాలా బిల్డింగుల్లో కాగితంలో ఒకటి ఉంటుంది, అలవాటులో ఇంకొకటి నడుస్తుంటుంది. మొదటి కమిటీ వసూలు సులువుగా ఉంటుందని అందరికీ ఒకే మొత్తం పెట్టేస్తుంది, అదే రూలని తర్వాత వచ్చినవాళ్లు అనుకుంటారు.

ఇంకో మాట. మెయింటెనెన్స్ అనేది వాడుకున్నదానికి కట్టే బిల్లు కాదు. గోడలు, పునాది, పైకప్పు, మెట్లు, లిఫ్ట్, పైపులు, మోటార్లు అన్నీ మనందరి ఉమ్మడి ఆస్తి. ఆస్తిలో వాటా ఉన్నవాళ్లకు దాని ఖర్చులోనూ వాటా ఉంటుంది. నేను రాత్రిపూట మెట్లెక్కను కాబట్టి మెట్ల లైటు కరెంటు కట్టను అని ఎవరూ అనలేరు. అయితే ఆ వాటా ఎంత అన్నది అందరికీ, అన్ని ఖర్చులకీ ఒకటే కానక్కర్లేదు. అసలు చర్చంతా అక్కడే.

మూడో_అంతస్తు_వాళ్లం

పైన ఉండేవాళ్ల తరఫున ఒక మాట చెబుతాను. మా పైకప్పే బిల్డింగ్ టెర్రస్. వర్షం నీరు దిగితే ముందు మా సీలింగే తడుస్తుంది. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలన్నప్పుడు కింది అంతస్తుల వాళ్లు "మాకు లీకేజీ లేదు కదా, మీరే చేయించుకోండి" అన్నారు. ఏడాది పాటు బకెట్లు పెట్టుకుని బతికాం. లిఫ్ట్ విషయంలో గ్రౌండ్ ఫ్లోర్ ఓనర్ గారు చెప్పే కారణం వింటుంటే అదే గుర్తొచ్చింది. కోపంగా అనడం లేదండీ. ఎవరికి వాళ్లు పనికొచ్చేదానికే కడితే పైకప్పు పైవాళ్లది, పునాది కిందివాళ్లది అయిపోతుంది. ఆ పైకప్పు మొత్తం బిల్డింగ్‌ని కాపాడుతోంది.

లెక్కల_పుస్తకం

ఇద్దరు చెప్పిందీ నిజమే. అందుకే అంకెల్లో చూద్దాం. మీ బిల్డింగ్ అంకెలు లెక్కకి బాగా కుదిరాయి.

మొత్తం విస్తీర్ణం: 8 × 900 = 7,200, 8 × 1,600 = 12,800, కలిపితే 20,000 చదరపు అడుగులు. అంటే విస్తీర్ణం ప్రకారం చిన్న ఫ్లాట్ వాటా 4.5 శాతం, పెద్ద ఫ్లాట్ వాటా 8 శాతం. సమానంగా పంచితే ఎవరికైనా 6.25 శాతం. కాబట్టి సమానంగా కట్టేటప్పుడు చిన్న ఫ్లాట్ వాళ్లు తమ వాటా కంటే దాదాపు 39 శాతం ఎక్కువ కడుతున్నారు, పెద్ద ఫ్లాట్ వాళ్లు దాదాపు 22 శాతం తక్కువ కడుతున్నారు.

అలాగని అన్నీ విస్తీర్ణం మీద పంచడమూ సరికాదని నా అభిప్రాయం. వాచ్‌మన్ జీతం, చెత్త తీసుకెళ్లడం, మెట్లు ఊడవడం, లెక్కలు రాయడం... ఇవి ఇల్లు పెద్దదైతే పెరిగేవి కావు. ఇంటికింత అని పంచితే తప్పులేదు. పెయింటింగ్, టెర్రస్, బిల్డింగ్ ఇన్సూరెన్స్, కాంక్రీటు మరమ్మతులు ఆస్తి విలువతో ముడిపడినవి. అవి వాటా ప్రకారం పోవాలి. నెల ఖర్చు 100 అనుకుని అందులో 60 మొదటి రకం, 40 రెండో రకం అనుకోండి. చిన్న ఫ్లాట్‌కి 3.75 + 1.80 = 5.55 వస్తుంది. పెద్ద ఫ్లాట్‌కి 3.75 + 3.20 = 6.95. ఎనిమిదేసి ఫ్లాట్లకు కలిపితే సరిగ్గా 100. ఇలా రెండు గంపలుగా విడదీస్తే గొడవలో సగం అక్కడే తగ్గుతుంది.

మూడో గంప వాడకం మీద ఉండేది. ఇంటింటికీ మీటరు ఉంటే నీళ్లు, జనరేటర్ కరెంటు అందులోకి వస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. మెయిన్ మీటర్ చూపించేది, ఇళ్ల మీటర్లన్నీ కలిపితే వచ్చేది ఎప్పుడూ ఒకటి కావు. మధ్యలో తేడా అంటే మొక్కలకి, కడగడానికి వాడిన నీళ్లు, లేకపోతే లీకేజీ. ఆ తేడాను ఎలా పంచాలో కూడా ముందే రాసుకోవాలి.

గ్రౌండ్_ఫ్లోర్_ఓనర్

మూడో అంతస్తు వాళ్లం గారూ, మీరు చెప్పింది మనసుకి తాకింది. మా బిల్డింగ్‌లో టెర్రస్ పని జరిగినప్పుడు మేము అడ్డు చెప్పలేదు గానీ, మనసులో అదే అనుకున్న మాట నిజం.

లెక్కల పుస్తకం గారూ, 6.25, 4.5 తేడా చూశాక ఇన్నేళ్లు ఎంత ఎక్కువ కట్టామో అనిపించింది. మరి లిఫ్ట్ ఏ గంపలోకి వస్తుంది?

చట్టాలు_చదువుతాను

దీనికి ప్రపంచమంతా ఒకటే జవాబు లేదు. రెండు దేశాలు చూడండి. ఫ్రాన్స్‌లో 1965 జులై 10 నాటి చట్టం ఖర్చులను రెండుగా విడదీసింది. బిల్డింగ్‌ని నిలబెట్టే, నడిపించే సాధారణ ఖర్చులు వాటా ప్రకారం. లిఫ్ట్ లాంటి ఉమ్మడి సదుపాయాల ఖర్చు మాత్రం ఒక్కో ఇంటికీ దానివల్ల ఉండే ఉపయోగం ప్రకారం. ఉపయోగం అంటే ఆ ఇంట్లో వాళ్లు నిజంగా ఎక్కుతున్నారా లేదా అని కాదు, ఆ ఇంటికి అది పనికొచ్చే అవకాశం ఉందా అని. అందుకే అక్కడ గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు మామూలుగా లిఫ్ట్ ఖర్చు పడదు. కానీ సెల్లార్‌లో వాళ్ల పార్కింగో స్టోర్ రూమో ఉండి, లిఫ్ట్ అక్కడికి దిగుతుంటే పడుతుంది. మూడో అంతస్తులో ఉంటూ ఆరోగ్యం కోసం మెట్లే ఎక్కే మనిషికీ తప్పదు.

జర్మనీలో మామూలు రూలు వాటా ప్రకారమే, గ్రౌండ్ ఫ్లోర్‌తో సహా. అయితే 2020 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఏదైనా ఒక ఖర్చుని వేరేలా పంచుకోవాలని ఓనర్లు మామూలు మెజారిటీతోనే తీర్మానించుకోవచ్చు.

అంటే రెండు పద్ధతులూ ఆలోచించి పెట్టుకున్నవే. మీకు వర్తించేది మీ చోటి చట్టం, మీ బైలాస్. ఈ థ్రెడ్‌లో ఎక్కువ మంది ఏమన్నారన్నది కాదు.

సివిల్_సైట్

నేను సైట్ ఇంజనీర్‌ని. లిఫ్ట్ గురించి ఒక్క మాట చెప్పి అసలు విషయానికొస్తాను. లిఫ్ట్‌లో రెండు ఖర్చులున్నాయి. నెలనెలా కరెంటు, ఏఎంసీ (సర్వీసింగ్‌కి ఏటా చేసుకునే కాంట్రాక్టు) ఒకటి. 20, 25 ఏళ్లకోసారి మొత్తం మార్చడం ఇంకొకటి. మొదటిది వాడకంతో ముడిపడింది. రెండోది బిల్డింగ్ విలువతో. లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ అమ్మాలన్నా బిల్డింగ్ పేరు దెబ్బతింటుంది. ఈ రెండింటినీ ఒకే తాడుతో కట్టకండి.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. ఎక్కడికి వెళ్లినా ఓనర్లు వాచ్‌మన్ జీతం గురించి గంటలు వాదించుకుంటారు, పిల్లర్ల మీద పగుళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. 2021 జూన్ 24న అమెరికాలోని ఫ్లోరిడాలో, సర్ఫ్‌సైడ్ అనే చోట చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పెద్ద భాగం అర్ధరాత్రి దాటాక కూలిపోయింది. 98 మంది చనిపోయారు. 1981లో కట్టిన బిల్డింగ్ అది. 2018లోనే ఒక ఇంజనీర్ స్విమ్మింగ్ పూల్ డెక్ కింద వాటర్‌ప్రూఫింగ్ పాడైందని, కాంక్రీటు దెబ్బతింటోందని రిపోర్టు ఇచ్చారు. మరమ్మతుకి కావాల్సినంత డబ్బు నిధిలో లేదు. ఓనర్ల మీద పెద్ద మొత్తం వేయాల్సి వచ్చింది, వాదనలు నడిచాయి. ప్రధానమైన కాంక్రీటు పనులు మొదలవకముందే బిల్డింగ్ కూలింది. తర్వాత 2022లో ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న కండోమినియంలు (మనలాగే ఫ్లాట్లు ఎవరికి వాళ్లు సొంతంగా కొనుక్కున్న బిల్డింగులు) నిర్మాణ భాగాలకు ఎప్పుడు ఎంత ఖర్చొస్తుందో అధ్యయనం చేయించి, ఆ డబ్బు పక్కన పెట్టాలి. మాకొద్దని ఓటేసి తప్పించుకునే వీలు తీసేశారు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. నీరు కాంక్రీటులోకి దిగితే లోపల ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. పగిలిన చోటి నుంచి ఇంకా ఎక్కువ నీరు దిగుతుంది. మొదట్లో చిన్న ఖర్చు. వాయిదా వేసిన ప్రతి ఏడాదీ అది పెరుగుతుంది. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ వాయిదా వేయడమంటే అదే.

కొత్తగా_కొన్నాం

మాది ఇంకో బాధ. పోయిన ఏడాది పాత ఫ్లాట్ కొన్నాం. ఇంట్లో దిగిన నాలుగో నెలలో పైపులన్నీ మారుస్తున్నామని పెద్ద మొత్తం వేశారు. ఆ పైపులు వాడి అరగదీసింది ముందున్నవాళ్లు, కట్టింది మేము. పైగా పాత ఓనర్ పది నెలల మెయింటెనెన్స్ బాకీ పెట్టి వెళ్లారు, అది కూడా మమ్మల్నే అడుగుతున్నారు. కొనేముందు ఏం అడగాలో ఎవరూ చెప్పలేదు.

లెక్కల_పుస్తకం

మీ బాధకీ, మొదటి పోస్టులోని బాధకీ మూలం ఒకటే. రిపేర్ నిధి లేకపోవడం. దీన్ని కొన్నిచోట్ల సింకింగ్ ఫండ్ అంటారు, కొన్నిచోట్ల కార్పస్ అంటారు.

లిఫ్ట్ 20 ఏళ్లు పనిచేస్తుందనుకుందాం. అంటే 240 నెలలు. దాని ఖర్చు 240 భాగాలనుకుంటే మొదటి నెల నుంచే నెలకి ఒక భాగం పక్కన పెడితే సరిపోతుంది. పదిహేనేళ్లు ఊరుకుని అప్పుడు మొదలుపెడితే మిగిలిన 60 నెలల్లో నెలకి నాలుగు భాగాలు పెట్టాలి. పదిహేనో ఏట ఫ్లాట్ కొన్నవాళ్లు, అంతకుముందు పదిహేనేళ్లు లిఫ్ట్ ఎక్కినవాళ్ల ఖర్చు మోస్తున్నారన్నమాట. ఇక అసలేమీ పెట్టకపోతే గ్రౌండ్ ఫ్లోర్ ఓనర్ గారికి వచ్చిన కాగితం వస్తుంది. ధరలు పెరగడం కూడా ఉంది. ఏటా 5 శాతం పెరిగితే ఇవాళ్టి లిఫ్ట్ ధర 20 ఏళ్లకి 2.65 రెట్లవుతుంది. అందుకే ఇవాళ్టి ధర మీద లెక్క వేసి వదిలేయకుండా రెండు మూడేళ్లకోసారి సరిచూసుకోవాలి.

"ఇన్నేళ్లు కట్టిన డబ్బు ఏమైంది" అని మొదటి పోస్టులో అడిగారు. బహుశా ఎవరూ తినలేదు. నెలనెలా వచ్చింది నెలనెలా ఖర్చయింది, అంతే. మెయింటెనెన్స్ తక్కువగా ఉంచిన కమిటీని అందరం మెచ్చుకుంటాం. ఆ తక్కువలో రేపటి లిఫ్ట్ లేదని అప్పుడు కనిపించదు.

పాత_కార్యదర్శి

కొత్తగా కొన్నాం గారూ, ఇకమీద చదివేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. పాత ఫ్లాట్ కొనేటప్పుడు అసోసియేషన్ నుంచి బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకోవాలి. గత మూడేళ్ల జనరల్ బాడీ మినిట్స్ (ఓనర్లందరి మీటింగ్‌లో ఏం తీర్మానించారో రాసిన పుస్తకం) అడగాలి. రాబోయే పెద్ద ఖర్చులన్నీ అక్కడ కనిపిస్తాయి. రిపేర్ నిధిలో ఎంతుందో అడగాలి. తీర్మానం అయిపోయి ఇంకా వసూలు చేయని మొత్తం ఎవరు కట్టాలో సేల్ అగ్రిమెంట్‌లో రాసుకోవాలి. మాటమీద వదిలేస్తే ఫ్లాట్ ఎవరి పేరున ఉంటే అసోసియేషన్ వాళ్లనే అడుగుతుంది. పాత బాకీ మీరు కట్టాలా వద్దా అన్నది మీ చోటి చట్టం మీద ఆధారపడుతుంది. కట్టేముందు లాయర్‌కి మీ కాగితాలు చూపించండి.

అద్దెకిచ్చిన_ఓనర్

నాదొక చిన్న సందేహం. నా ఫ్లాట్ అద్దెకిచ్చాను. మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే కడతారు. లిఫ్ట్ మార్చడం లాంటివి వస్తే వాళ్లనే అడగొచ్చా?

పాత_కార్యదర్శి

వద్దండీ. రోజువారీ సేవలకి వాళ్లు కట్టడం న్యాయం, అగ్రిమెంట్‌లో ఉంటే. ఆస్తికి చేసే పెద్ద పనులు ఆస్తి ఉన్నవాళ్లవి. ఇంకోటి గుర్తుంచుకోండి. వాళ్లు కట్టకపోతే అసోసియేషన్ అడిగేది మిమ్మల్నే.

తాళం_వేసిన_ఇల్లు

మా ఫ్లాట్ రెండేళ్లుగా ఖాళీగా ఉంది. అయినా పూర్తి మెయింటెనెన్స్ కడుతున్నాం. సగం చేయమని అడిగితే కుదరదన్నారు.

లెక్కల_పుస్తకం

నీళ్లలాంటి వాడకం ఖర్చు తగ్గించమని అడగొచ్చు. మిగతావి కష్టం. ఖాళీ ఇంటికీ కాపలా ఉంది, పైకప్పు ఉంది. 16 మందిలో ఇద్దరికి తగ్గిస్తే ఆ లోటు మిగతా 14 మంది మీద పడుతుంది. బిల్డర్ దగ్గర అమ్ముడుపోకుండా ఉన్న ఫ్లాట్లకీ ఇదే మాట. వాటికి ఓనర్ బిల్డరే కాబట్టి అడగాల్సింది ఆయన్నే.

నేనైతే_కట్టను

ఇంత చర్చ దేనికి? లెక్క తేలేదాకా ఒక్క పైసా కట్టకండి. అప్పుడే దిగొస్తారు. మేమలాగే చేశాం.

పాత_కార్యదర్శి

దయచేసి ఈ సలహా పాటించకండి. నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు ముగ్గురు ఇలాగే ఆపేశారు. దిగొచ్చింది కమిటీ కాదు. జీతం ఆలస్యమైన వాచ్‌మన్, సర్వీసింగ్ ఆగిపోయిన లిఫ్ట్, అందులో ఇరుక్కున్న ఒక పెద్దావిడ. అప్పుడు నేను కరెంటు బిల్లు నా జేబులోంచి కట్టాను. ఆ ముగ్గురి అభ్యంతరాల్లో రెండు సరైనవే. కానీ డబ్బు ఆపేసరికి వాళ్ల మాట ఎవరూ వినలేదు.

అభ్యంతరం ఉంటే కాగితం మీద రాసివ్వండి. "అభ్యంతరంతో కడుతున్నాను, లెక్క సరిచూసి తేడా సర్దుబాటు చేయండి" అని రాసి కట్టి రశీదు తీసుకోండి. బిల్లులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపించమనండి. మూడు కొటేషన్లు తెచ్చారా అని అడగండి. ఎజెండాలో పెట్టించి మీటింగ్‌కి వెళ్లండి. కమిటీ వాళ్లకీ ఒకటి చెబుతాను. కట్టనివాళ్లకి నీళ్లు ఆపేయడం, లిఫ్ట్ ఎక్కనివ్వకపోవడం తప్పు. బైలాస్‌లో ఉన్న వడ్డీ వేయండి, నోటీసు ఇవ్వండి, చట్టప్రకారం వసూలు చేయండి.

గ్రౌండ్_ఫ్లోర్_ఓనర్ (మూడు వారాల తర్వాత)

నిన్న మీటింగ్ అయింది. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత అనిపించి రాస్తున్నాను.

కాగితాలు తీస్తే మా బైలాస్‌లో స్పష్టంగా ఉంది. ఉమ్మడి ఆస్తి మరమ్మతులు, మార్పిడి అవిభాజ్య వాటా ప్రకారం అని. సమానంగా కట్టడం ఉత్త అలవాటే. గ్రౌండ్ ఫ్లోర్‌కి మినహాయింపు మాత్రం ఎక్కడా లేదు. అది చదివాక లిఫ్ట్ మార్చడానికి కట్టననే మాట వదులుకున్నాను. నా వాటా 4.5 శాతం కడతాను, 6.25 కాదు అన్నాను. పెద్ద ఫ్లాట్ల వాళ్లలో ఇద్దరికి బాగా కోపం వచ్చింది. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకన్నారు. క్లాజు చదివి వినిపించాను. పాత లెక్కలు తిరగదోడమని అడగను అని కూడా చెప్పాను. ఆ మాటతో వాతావరణం కాస్త చల్లబడింది.

చివరికి లిఫ్ట్ ఖర్చు వాటా ప్రకారం, మూడు నెలల్లో కాకుండా పది నెలల వాయిదాల్లో కట్టాలని తీర్మానం అయింది. కొత్త లిఫ్ట్ పనిచేయడం మొదలైన నెల నుంచి రిపేర్ నిధికి వేరే బ్యాంక్ ఖాతా, ఇద్దరి సంతకాలు ఉంటాయి. టెర్రస్, పిల్లర్లు చూడటానికి ఒక ఇంజనీర్‌ని పిలవాలని మా బిల్డింగ్ మూడో అంతస్తు వాళ్లు అడిగారు. నేను వెంటనే చెయ్యెత్తాను.

లిఫ్ట్ కరెంటు, ఏఎంసీ దగ్గర మాత్రం తేలలేదు. ఒకాయన పాయింట్ల పద్ధతి చెప్పారు. గ్రౌండ్ ఫ్లోర్‌కి 1, మొదటి అంతస్తుకి 2, రెండోదానికి 3, మూడోదానికి 4. అంతస్తుకి నాలుగిళ్లు కాబట్టి మొత్తం 40 పాయింట్లు. నాకు 2.5 శాతం, మూడో అంతస్తులో ఒక్కో ఇంటికి 10 శాతం వస్తుంది. పైన ఉండే ఒక పెద్దాయన మౌనంగా వింటూ కూర్చున్నారు. ఆయన పెన్షన్ మీద బతుకుతున్నారని నాకు తెలుసు. అందుకే నేను దానికి ఓటేయలేకపోయాను. వచ్చే మీటింగ్‌కి వాయిదా పడింది.

లెక్కల_పుస్తకం

పాయింట్లు 1, 2, 3, 4 అనే ఉండాలని లేదు. 3, 4, 5, 6 పెట్టి చూడండి. మొత్తం 72. మీకు దాదాపు 4.2 శాతం, పైవాళ్లకి 8.3 శాతం. తేడా ఉంటుంది, నాలుగు రెట్లు మాత్రం కాదు.

పాత_కార్యదర్శి

ఏ అంకెలు పెట్టుకున్నా, బైలాస్‌లో లిఫ్ట్ నెల ఖర్చు గురించి ఏముందో ముందు చూసుకోండి. మార్చాలంటే మీటింగ్‌లో చేతులెత్తితే చాలదు. బైలాస్ సవరణకి ఎంత మెజారిటీ కావాలో అందులోనే రాసి ఉంటుంది. తీర్మానం మినిట్స్‌లో అంకెలతో సహా ఎక్కించి, ఆ ప్రతి 16 ఇళ్లకీ ఇవ్వండి.

గ్రౌండ్_ఫ్లోర్_ఓనర్

ఇవాళే కార్యదర్శి గారిని అడిగి బైలాస్ ఇంకోసారి తెచ్చుకుంటాను. 3, 4, 5, 6 లెక్క కాగితం మీద వేసి, మీటింగ్‌కి ముందే పైన ఆ పెద్దాయనకి చూపిస్తాను.